బేస్‌బాల్‌లో ప్రీమియర్ 12 కప్పు గెలిచిన తైవాన్‌ని మళ్లీ క్వాలిఫైయర్ ఆడించడం అన్యాయం కాదా?

కాదు. తైవాన్ అంటే పడక అంటున్నాననుకోకండి, ఆ టీమ్ అంటే నాకు ప్రాణం. 2024 నవంబర్ 24న టోక్యో డోమ్‌లో జపాన్‌ని 4–0తో ఓడించి, పన్నెండు టీములాడే ఆ ప్రీమియర్ 12 కప్పు ఎత్తినప్పుడు శ్రీకాకుళంలో మా ఇంట్లో గంతులేసింది నేనే. అయినా మూడు నెలలు తిరక్కుండానే వాళ్లు బేస్‌బాల్‌కి ప్రపంచ కప్పు లాంటి వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌కి క్వాలిఫైయర్, అంటే అర్హత పోటీ, ఆడాల్సి రావడం న్యాయమే. ఆ బాకీ 2023 నాటిది.

ఆ ఏడాది మార్చిలో క్లాసిక్ కోసం తైవాన్‌లోని తైచుంగ్‌లో జరిగిన పూల్‌లో (గ్రూపులో) ఐదు టీములుంటే, ఐదూ రెండేసి గెలిచి రెండేసి ఓడాయి. అలాంటప్పుడు చూసేది ఫీల్డింగ్‌లో తీసిన ఒక్కో అవుట్‌కి ఎన్ని రన్స్ ఇచ్చారన్నదే. తైవాన్ పనామాకి 12, క్యూబాకి 7 ఇచ్చింది. గెలిచిన మ్యాచుల్లో కూడా ఇటలీకి 7, నెదర్లాండ్స్‌కి 5 ఇచ్చింది. మొత్తం 31. సొంత గడ్డ మీద ఆఖరి స్థానం. పూల్‌లో ఆఖరున మిగిలిన టీమ్ తర్వాతిసారి క్వాలిఫైయర్ ఆడి రావాలి. మధ్యలో వేరే కప్పు గెలిస్తే ఈ లెక్క చెరిగిపోదు.

ఈ రూల్ని నేనింతగా వెనకేసుకురావడానికి కారణముంది. ఇదే లెక్కలో నేనూ బయటికొచ్చాను.

2008లో నేను తొమ్మిదో తరగతి. నరసన్నపేట దగ్గర జెడ్పీ హైస్కూల్. మా పీఈటీ మాస్టారు ఎక్కడో నేర్చుకొచ్చి మాకు బేస్‌బాల్ నేర్పారు. నేను క్యాచర్ని, అంటే బ్యాటర్ వెనక కూర్చుని పిచర్ విసిరే బాల్ పట్టేవాణ్ణి. శ్రీకాకుళంలో పోటీలకి మూడు స్కూళ్లొచ్చాయి, రెండింటికే పైకి వెళ్లే ఛాన్స్. మొత్తం గ్రౌండ్‌కి క్యాచర్ కిట్ ఒక్కటే ఉంది. ఇన్నింగ్స్ మారినప్పుడల్లా మాస్కూ, ఛాతీ ప్రొటెక్టరూ, కాళ్ల ప్యాడ్లూ విప్పి అవతలి టీమ్ క్యాచర్‌కి ఇవ్వాలి. వాడి చెమటతో తడిసిన పట్టీలు మళ్లీ నేను కట్టుకోవాలి. గ్లవ్ మాత్రం మా స్కూల్దే. దాని తోలు తాళ్లు ఎప్పుడో తెగిపోతే మా అమ్మ గోనెసంచులు కుట్టే పురికొసతో బిగించి కుట్టింది.

మొదటి మ్యాచ్ 8–3తో గెలిచాం. రెండోది ఆఖరి ఇన్నింగ్స్‌కి వచ్చేసరికి 4–6తో వెనకబడ్డాం. ముందు బ్యాటింగ్ వాళ్లది, తర్వాతే మాది. ఒకడు మూడో బేస్‌లో ఉన్నాడు. బాల్ వచ్చి గ్లవ్‌లో పడగానే పురికొస పుటుక్కున తెగింది. వేళ్ల మధ్య నుంచి బాల్ జారి వెనకనున్న జీడిమామిడి చెట్ల దాకా పోయింది. మూడో బేస్‌లో ఉన్నవాడు నడుచుకుంటూ హోమ్‌కి వచ్చి రన్ తీశాడు. నేను బాల్ తెచ్చి పిచర్ చేతికిస్తే, వాడు నా భుజం తట్టి, "పోన్లేరా, ఎలాగూ ఓడిపోనాం కదా, ఏటైపోద్ది" అన్నాడు. ఆ మాట టీమ్ మొత్తానికి వినిపించింది. అక్కడి నుంచి ఎవరూ బాల్ వెనక పరిగెత్తలేదు. ఇంకో నాలుగు రన్స్ పోయాయి. మా వంతులో ఒక్కటీ రాలేదు. 4–11.

సాయంత్రం మిగిలిన రెండు టీములూ ఆడితే, మా చేతిలో ఓడిన స్కూల్ మమ్మల్ని ఓడించిన స్కూల్ మీద 6–5తో గెలిచింది. ముగ్గురికీ ఒక్కో గెలుపు. మాస్టారు నేల మీద పుల్లతో లెక్కేశారు. ఒకరు ఇచ్చినవి 10, ఇంకొకరివి 13, మావి 14. రెండు తక్కువ ఇచ్చుంటే పైకి వెళ్లేవాళ్లం. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తెగిన పురికొసని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

గ్లవ్ సంగతి ఇప్పటికీ మండుతుంది నాకు. చేతికి ఒక మంచి గ్లవ్ ఉంటే పిల్లల బతుకులు మారిపోతాయి. కొండవెలగాడ లాంటి ఊరు వెయిట్‌లిఫ్టర్లని ఇచ్చింది. మా ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి సిడ్నీ దాకా వెళ్లి పతకం తెచ్చారు. మన పిల్లల్లో బలానికేం లోటు? ఇనుము దొరికింది కాబట్టి ఎత్తారు, గ్లవ్ దొరికితే బాల్ పట్టేస్తారు. ఆ మధ్య ఒక ఆఫీసులో స్పోర్ట్స్ సర్టిఫికెట్ చూపిస్తే, "బేస్‌బాలా, కర్రాబిళ్లలాంటిదా?" అని అడిగారు. పాకిస్తాన్ 2016లోనే బ్రూక్లిన్‌లో క్లాసిక్ క్వాలిఫైయర్ ఆడింది. బ్రెజిల్ చేతిలో 10–0, బ్రిటన్ చేతిలో 14–0తో ఓడింది. అయినా ఆ మైదానంలో నిలబడింది. మనం నిలబడలేదు.

సరే, తైవాన్ దగ్గరికి వస్తాను. 2025 ఫిబ్రవరి 21న తైపీ డోమ్‌లో మొదటి మ్యాచ్‌లోనే స్పెయిన్ చేతిలో 12–5తో ఓడింది. పనామా చేతిలో ఓడినప్పటి స్కోరే! ఆ రోజు నాకు అన్నం సయించలేదు. తర్వాత దక్షిణాఫ్రికాని 9–1తో గెలిచి, నికరాగ్వా చేతిలో 6–0తో ఓడింది. నికరాగ్వా మొదటి స్థానంతో నేరుగా వెళ్లిపోయింది. మిగిలిన ఒక్క బెర్త్ కోసం 25న మళ్లీ స్పెయిన్‌తోనే ఆడాలి.

మర్నాడు శివరాత్రి. శ్రీముఖలింగం ప్రయాణానికి ఇంట్లో అందరూ సర్దుకుంటున్నారు, నేను ఫోన్ పట్టుకుని పెరట్లో నిలబడ్డాను. 6–3. తైవాన్ గెలిచింది. వెంటనే మా పిచర్‌కి ఫోన్ చేశాను. వాడిప్పుడు నరసన్నపేటలో ఎరువుల షాపు నడుపుతున్నాడు. తైవాన్ క్వాలిఫై అయిందిరా అన్నాను.

"ఎన్నిచ్చార్రా?" అన్నాడు.

"మూడే."