ప్రమాదంలో ఉన్నప్పుడు కూడా దేవుడికి కృతజ్ఞత చెప్పాలని యూదు మతం అంటుందా?

"బాంబులు పడుతుంటే థ్యాంక్స్ ఎలా చెబుతారు?" అని కూడా అడిగారు. పడుతుంటే చెప్పరండి. నేను ఇజ్రాయెల్‌లో, రమత్ గన్‌లో కేర్‌గివర్‌ని. నేను చూసుకునే పెద్దాయన నిష్ఠగల యూదుడు. 2025 జూన్‌లో ఇరాన్ క్షిపణులు వచ్చిన ఆ 12 రోజులూ సైరన్ మోగితే చాలు, ఆయన వీల్‌చైర్‌ను మమాద్‌లోకి, అంటే ఇంట్లోనే ఉండే కాంక్రీటు గదిలోకి తోసేవాణ్ని. అక్కడ బైబిల్ కీర్తనలు చదువుతూ కాపాడమని మొరపెట్టుకునేవారు. పుస్తకం పట్టుకున్న చేతులు వణికేవి.

కృతజ్ఞత గండం గడిచాకే. దానికి హగోమెల్ అనే ప్రార్థన ఉంది. సముద్రం దాటినవాడు, ఎడారి దాటినవాడు, జబ్బు నుంచి లేచినవాడు, చెర నుంచి బయటపడ్డవాడు దేవుణ్ని స్తుతించాలని 107వ కీర్తన ఆధారంగా యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్ముద్ చెబుతుంది. చావు దాకా వెళ్లొచ్చిన ఎవరైనా చెప్పాలని తర్వాతి పండితులు చాలామంది అన్నారు.

మా పక్క వీధిలో క్షిపణి పడి మా కిటికీలు పగిలాయి. యుద్ధం ఆగాక వచ్చిన గురువారం పొద్దున్నే పెద్దాయన సినగాగుకు, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి, తీసుకెళ్లమన్నారు. హగోమెల్‌కి పదిమంది మగవాళ్లు ఉండాలి. తొమ్మిదిమందే వచ్చారు. ఒకాయన రోడ్డు మీదికెళ్లి, బేకరీ ముందు నిలబడ్డ కుర్రాణ్ని పిలుచుకొచ్చాడు. తోరా, అంటే వాళ్ల ధర్మశాస్త్రం, చదివాక, కూర్చోమన్నా వినకుండా, పెద్దాయన బల్ల అంచు పట్టుకుని లేచారు. వెనక నుంచి నడుము పట్టుకున్నాను. అర్హత లేనివారికీ మేలు చేసే దేవుడు తనకూ మేలు చేశాడని గట్టిగా చెప్పారు. నీకు మేలు చేసినవాడు ఎప్పటికీ మేలే చేయుగాక అని మిగతావాళ్లు ఒక్క గొంతుతో బదులిచ్చారు.

నన్నడిగితే అసలు సంగతి ఇదే, నలుగురిలో చెప్పడం. మా అమ్మ జగిత్యాల నుంచి ఫోన్ చేసి, "బయటపడ్డవని ఎవరికీ చెప్పకు కొడుకా, దిష్టి తాకుతది" అంది. ఆమె భయం నాకు తెలుసు, అయినా ఆ పద్ధతి నాకు నచ్చదు. మన టీవీ చానళ్లు చూపించే మంటలు చూసి ఆమెకు నాకంటే ఎక్కువ టెన్షన్. ఆ చానళ్లకు కొంచెమైనా బాధ్యత ఉండాలి.

చెడు జరిగినా దేవుణ్ని స్తుతించాలని తాల్ముద్‌కు మూలమైన మిష్నాలో ఉన్నమాట నిజమే. ఆప్తులు పోయినవాళ్లు ఆయన్ని సత్యమైన న్యాయాధిపతి అంటారు. అది వాళ్లు అనుకోవాల్సిన మాట. దాన్ని పట్టుకుని ఏడుస్తున్నవాళ్లతో "అంతా మన మంచికే" అనకండి, దయచేసి.

యెరూషలేములో ఆలయం ఉన్న రోజుల్లో ఇలా గండం నుంచి బయటపడ్డవాళ్లు కృతజ్ఞతార్పణ, అంటే బలి పశువును, తెచ్చేవారు. దాంతో 40 రొట్టెలు. యాజకుడికి 4 పోను మిగిలినవి, మాంసంతో సహా, ఆ రాత్రికే అయిపోవాలి. అదంతా ఒక్కడే తినలేడు కాబట్టి అందరినీ పిలుస్తాడు, జరిగింది చెబుతాడు, అందుకే ఆ నియమం పెట్టారని వ్యాఖ్యాతలు రాశారు.