రెండు జెర్సీల మధ్య మా అబ్బాయి నలిగిపోతున్నాడు

ప్రశ్న: మేము ఐర్లాండ్ వచ్చి పదమూడేళ్లయింది. డబ్లిన్‌కు గంట దూరంలో చిన్న ఊళ్లో ఉంటాం. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నేను నర్సుని. మా అబ్బాయికి పందొమ్మిదేళ్లు, కాలేజీలో మొదటి సంవత్సరం. ఆరేళ్లప్పటి నుంచి ఊరి క్లబ్‌లో ఇక్కడివాళ్ల సొంత ఆట గేలిక్ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. నాకు నైట్ డ్యూటీలు ఉన్న రోజుల్లో క్లబ్‌లోని తల్లులే వాడిని గ్రౌండ్‌కు తీసుకెళ్లి ఇంటి దగ్గర దింపేవారు. ఈ ఏడాది కౌంటీ (మన జిల్లా లాంటిది) అండర్-20 జట్టుకు ఎంపికయ్యాడు. ఊరంతా సంతోషించింది. మా ఇంట్లో మాత్రం అప్పటి నుంచి ప్రశాంతత లేదు. సోమవారం కౌంటీ జిమ్, మంగళవారం కౌంటీ ట్రైనింగ్, గురువారం క్లబ్, శుక్రవారం మళ్లీ కౌంటీ, ఆదివారం ఏదో ఒక మ్యాచ్. రాత్రి పదిన్నరకు వచ్చి చల్లారిన పప్పన్నం తిని, తొడ కింద ఫ్రీజర్‌లోని బఠాణీల ప్యాకెట్ పెట్టుకుని పడుకుంటాడు. 'నాన్నకు చెప్పకమ్మా' అంటాడు. కౌంటీ జెర్సీ రాగానే మమ్మల్ని మరిచిపోయాడని క్లబ్ మేనేజర్ అంటున్నారట. పైసా రాని ఆట కోసం చదువు పాడు చేసుకుంటున్నాడని మావారి కోపం. వచ్చే నెలలో పరీక్షలు. ఆగస్టులో గుంటూరులో మా అన్నయ్య కూతురి పెళ్లి. క్లబ్ ఛాంపియన్‌షిప్ ఉంది, రాలేనంటున్నాడు. క్లబ్బో కౌంటీయో ఏదో ఒకటి మానేయమని చెప్పనా?
– ఒక తల్లి

సలహా: అమ్మా, ముందు ఆ బఠాణీల ప్యాకెట్ సంగతి చూద్దాం. మిగతావన్నీ ఒక వారం ఆగినా ఫర్వాలేదు గానీ అది ఆగదు. తొడ వెనక కండరం ఒకసారి పట్టేశాక పూర్తిగా మానకుండా పరుగెత్తితే మళ్లీ మళ్లీ అక్కడే పట్టేస్తుంది. నర్సుగా మీకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు. అయినా ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారు? వాడు బతిమాలాడు కాబట్టి, ఇంట్లో గొడవ అవుతుంది కాబట్టి. మిమ్మల్ని తప్పు పట్టడానికి అనడం లేదు. ఈ దాపరికం వల్లే మీ ఇంట్లో అందరూ ఒకరి మీద ఒకరు లేనిపోనివి ఊహించుకుంటున్నారు. ఈ వారమే వాడు కౌంటీ ఫిజియోకు చూపించుకోవాలి. ఆ రాత్రే వాళ్ల నాన్నకూ తెలియాలి. మీ నోటి నుంచి కాదు, వాడి నోటి నుంచి. పక్కన మీరు కూర్చోండి, అది చాలు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీవాడు ఆట పిచ్చిలో పడి ఇల్లు మరిచిపోయిన కుర్రాడిలా నాకు కనిపించలేదు. ఎవరి మాటా తీసేయలేని కుర్రాడిలా కనిపించాడు. ఇక్కడి యాస కూడా అర్థం కాని ఆరేళ్ల పిల్లవాడిని ఆ క్లబ్ చేరదీసింది. మీరు ఆసుపత్రిలో ఉన్న రాత్రులు వాళ్ల అమ్మలు వాడిని కారెక్కించుకున్నారు. ఆ ఋణం వాడికి గుర్తుంది. అందుకే గురువారం రాత్రి కాలు ఈడ్చుకుంటూ అయినా క్లబ్ గ్రౌండ్‌కు వెళ్తున్నాడు. కౌంటీ జెర్సీ అంటే ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలందరికీ దక్కని గౌరవం, అది జారిపోతుందేమోనని భయం. నాన్న దగ్గర ఇంకో భయం. అందరికీ సరేనంటున్నాడు. ఆ సరేలన్నీ కలిసి తొడలో నొప్పిగా తేలాయి.

క్లబ్ మేనేజర్ మాట మీకు కటువుగా వినిపించి ఉంటుంది. నాకూ నచ్చలేదు. కానీ దాని వెనక చాలా ఏళ్ల బాధ ఉంది, అది తెలిస్తే మీకు ఆయన మీద కోపం కొంత తగ్గుతుంది. గేలిక్ ఆటల్లో ఆటగాడిని డబ్బిచ్చి కొనుక్కోవడం లేదు. ఎవరి ఊరి క్లబ్‌కు వాళ్లు ఆడతారు, అక్కడ రాణించినవాళ్లను కౌంటీ తీసుకుంటుంది. ఒకప్పుడు కౌంటీల మధ్య జరిగే ఆల్ ఐర్లాండ్ పోటీల ఫైనల్స్ సెప్టెంబరులో జరిగేవి. కౌంటీ జట్టు గెలుస్తూ పోతే ఆ కౌంటీలో క్లబ్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లు వాయిదా పడుతూ ఉండేవి. కౌంటీ జట్టులో ఉండేది ముప్పై నలభై మంది. వాళ్ల కోసం వేసవంతా వేచి ఉండేది వేలమంది మామూలు ఆటగాళ్లు. మ్యాచ్ ఎప్పుడో తెలియక సెలవు పెట్టుకోలేరు, ఊరికి టికెట్ కొనుక్కోలేరు. ఆఖరికి పెళ్లి ముహూర్తం కూడా భయం భయంగానే పెట్టుకునేవారు. ఈ బాధతోనే 2017లో క్లబ్ ఆటగాళ్లు విడిగా ఒక సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది ఏప్రిల్ నెలను చాలావరకు క్లబ్బులకు వదిలి చూశారు, అదీ సరిగా కుదరలేదు.

దారి చూపించింది కరోనా. 2020లో వేరే గతి లేక వేసవిలో క్లబ్ మ్యాచ్‌లు ముందుగా ఆడించి, కౌంటీ మ్యాచ్‌లను చలికాలానికి నెట్టారు. ఏ వారం ఏముందో ముందే తెలిసేసరికి ఆటగాళ్లకు ప్రాణం లేచొచ్చింది. 2021లో గేలిక్ ఆటలను నడిపే సంస్థ జీఏఏ ఏడాదిని రెండు భాగాలు చేయడానికి ఒప్పుకుంది, 2022 నుంచి అమలైంది. ఇప్పుడు ముందు కౌంటీ సీజన్, జూలైలో ఫైనల్స్ అయిపోతాయి. ఆ తర్వాత అంతా క్లబ్బులదే. స్ప్లిట్ సీజన్ అని మీవాడి నోట వినే ఉంటారు. ఆ క్లబ్ ఆటగాళ్ల సంఘం తన పని అయిందని 2021లోనే మూసేసుకుంది.

మరి గొడవ తీరిపోవాలి కదా? సీనియర్ ఆటగాళ్లకు చాలావరకు తీరింది. వసంతకాలంలో వాళ్లు దొరకరని క్లబ్బులు ముందే అనుకుంటాయి, వాళ్లు లేకుండానే లీగ్ మ్యాచ్‌లు ఆడుకుంటాయి. మీవాడి వయసు పిల్లల దగ్గరే ఇంకా చిక్కు మిగిలింది. అండర్-20 ఛాంపియన్‌షిప్ కూడా వసంతంలోనే, మే నెలలో ఫైనల్. అదే సమయంలో క్లబ్ లీగ్, అదే సమయంలో కాలేజీ పరీక్షలు. కుర్రాడే కదా, ఊళ్లోనే ఉన్నాడు కదా, ఒక గంట వచ్చి ఆడితే ఏం పోయింది అని క్లబ్ అనుకుంటుంది. ట్రైనింగ్‌లో వాడి కాళ్లలో సత్తువ లేదేంటి అని కౌంటీ అనుకుంటుంది. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. మధ్యలో వాడి ఫోన్‌లో క్లబ్ వాట్సాప్ గ్రూపు, కౌంటీ గ్రూపు మోగుతూనే ఉంటాయి.

అందుకే ఏదో ఒకటి మానేయమని మీరు చెప్పకండి. క్లబ్ మానేస్తే వాడి ఊరు పోతుంది. కౌంటీ మానేస్తే ఆ లోటు మీ ముఖం చూసినప్పుడల్లా గుర్తొస్తుంది, మీవల్లే పోయిందని ఎప్పటికీ అనుకుంటాడు. అండర్-20 ముచ్చట మహా అయితే ఇంకో ఏడాది. అది అలా వచ్చి అలా వెళ్లిపోతుంది.

మాట్లాడాల్సింది ఇద్దరు మేనేజర్లు. మీరు ఫోన్ చేయకండి, మీ మనసు ఎంత లాగినా సరే. పందొమ్మిదేళ్ల కుర్రాడి తరఫున అమ్మ ఫోన్ చేస్తే డ్రెస్సింగ్ రూమ్‌లో వాడి పరువు పోతుంది. మీరు నాకు రాసి పంపిన వారం లెక్కను వాడినే ఒక కాగితం మీద రాయమనండి. ఐదు సాయంత్రాలు, వాటి పక్కనే పరీక్షల తేదీలు, ఫిజియో చెప్పిన మాట. అదే కాగితాన్ని ఫొటో తీసి ఇద్దరికీ పంపాలి, ఒకరికి ఒకటి ఇంకొకరికి ఇంకొకటి చెప్పకూడదు. 'మీరిద్దరూ ఒకసారి మాట్లాడుకుని నేను ఎక్కడ ఎప్పుడు ఉండాలో చెప్పండి' అని కింద ఒక్క మాట. అది కూడా రాయడానికి జంకితే, చిన్నప్పుడు వాడికి నేర్పిన కోచ్ క్లబ్‌లో ఎవరో ఒకరు ఉంటారు కదా, ముందు ఆయన దగ్గరకు వెళ్లమనండి. ఇక్కడి క్లబ్బుల్లో చైర్మన్ మాటకంటే అలాంటి పెద్దమనిషి మాటే ఎక్కువ చెల్లడం నేను చాలాసార్లు చూశాను. కౌంటీ సీజన్ అయ్యేదాకా క్లబ్ ట్రైనింగ్‌కు వెళ్లకపోయినా, ఆదివారం మ్యాచ్‌కు వెళ్లి గీత బయట నిలబడి నీళ్ల సీసాలు అందించమనండి. తమను మరిచిపోలేదని క్లబ్‌కు అర్థమవుతుంది, కాలికీ విశ్రాంతి దొరుకుతుంది.

మీవారి గురించి. పైసా రాదన్న మాట నిజమే. పెట్రోలు ఖర్చు లాంటివి తప్ప ఈ ఆటలో ఎవరికీ జీతం లేదు. డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో 82 వేల మంది ముందు ఫైనల్ గెలిచినవాళ్లు కూడా మళ్లీ బడిలో పాఠం చెప్పుకోవడానికో, పొలం పనికో వెళ్లాల్సిందే. మన దగ్గర ఐపీఎల్ చూసిన కళ్లకు ఇది అర్థం కావడం కష్టం. ఆయన్ను తప్పు పట్టలేను. పైగా చదువు గురించిన ఆయన భయం ఉత్తిది కాదు. ఇక్కడి ఈఎస్‌ఆర్‌ఐ అనే పరిశోధన సంస్థ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం సీనియర్ కౌంటీ ఆటగాళ్లు వారానికి 31 గంటల దాకా ఆ ఆటకే ఇస్తున్నారు. దాదాపు రెండో ఉద్యోగం. కాబట్టి పరీక్షల మూడు వారాలు పుస్తకానికే అని ఆయన అడిగితే అది న్యాయమైన కోరిక, మీరు కూడా ఆయన పక్కనే నిలబడండి. కానీ ఆయన ఈ పదమూడేళ్లలో ఎన్నిసార్లు గ్రౌండ్ దగ్గరకు వెళ్లారు? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. ఒక్క ఆదివారం తీసుకెళ్లండి. స్కోరు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, పక్కన నిలబడ్డ ఊరివాళ్లు తన కొడుకును పేరు పెట్టి పిలుస్తుంటే ఆయన వినాలి.

చివరిగా పెళ్లి. శ్రావణమాసం ముహూర్తాలూ క్లబ్ ఛాంపియన్‌షిప్పూ ఒకేసారి పడటం ఇక్కడి మనవాళ్ల ఇళ్లలో ఇక ఏటా ఉండే తలనొప్పే. అయితే ఒక మేలు ఉంది. ఇప్పుడు ఛాంపియన్‌షిప్ ఏయే వారాంతాల్లో ఉంటుందో చాలా ముందుగా తెలుస్తుంది. ఆ తేదీలు చేతికి రాకముందే 'రాలేను' అనేశాడంటే, రావాలని లేక కాదు, క్లబ్‌ను అడగడానికి మొహమాటం. రెండు మ్యాచ్‌ల మధ్య ఖాళీ వారం దొరికితే ఆరు రోజులకు వెళ్లి, పెళ్లికి ఉండి, తిరిగి వచ్చేయవచ్చు. అలసటే, కానీ ఆ వయసులో ఆ ప్రయాణం ఒక లెక్క కాదు. సరిగ్గా పెళ్లి రోజే మ్యాచ్ పడితే మాత్రం నిర్ణయం వాడిదే. ఉండిపోతానంటే వాడి మేనమామకు మీరు సంజాయిషీ చెప్పకండి. వీడియో కాల్‌లో వాడినే చెప్పనివ్వండి, మ్యాచ్ ఏమిటో, తను లేకపోతే ఎవరికి ఇబ్బందో, తెలుగులోనే. మీ అన్నయ్య నాలుగు మాటలు అంటారు. అననివ్వండి. పెళ్లికూతురు మాత్రం బావ ఆట వీడియో పంపమంటుందని నా అనుమానం.

ఫిజియో ఏమన్నారో నాకు రాయండి.