జేడ్ అంటే రామా గ్రీన్ కాదట

ఆగస్టులో ఇంగ్లండ్ వస్తున్నాం, పిల్లల స్కూల్ స్వెట్టర్లు హైదరాబాద్‌లోనే కొనేసుకోవచ్చా, రంగు అచ్చం అదే ఉండాలా అని అడిగారు కదా. కొనకండి. సూట్‌కేసులో ఆ చోటు పచ్చళ్లకి వాడుకోండి. దెబ్బ తిన్నదాన్ని కాబట్టి చెప్తున్నా.

మేం ఇంగ్లండ్‌లో రెడింగ్ అనే ఊరికి వచ్చే ముందు బాబు చేరబోయే ప్రైమరీ స్కూల్ నుంచి లిస్టు వచ్చింది. తెల్ల పోలో షర్టు, గ్రే ప్యాంటు, జేడ్ రంగు స్వెట్‌షర్టు. జేడ్ అంటే ఏ రంగో నాకు తెలియదు. విజయవాడలో మా అమ్మకి ఫోన్లో ఫొటో చూపించాను. కళ్లజోడు పైకి తోసుకుని చూసి, "జేడూ లేదు గీడూ లేదే, ఇది రామా గ్రీను" అని తేల్చేసింది. నలభై ఏళ్లుగా చీరలు కొంటున్న మనిషి, చిలకపచ్చకీ మామిడాకు పచ్చకీ తేడా చీకట్లో కూడా చెప్తుంది. ఆవిడ మాట కాదనడానికి నేనెవర్ని? బీసెంట్ రోడ్డుకి వెళ్లి ఊలు ఉండలు తెచ్చి, జూలై ఉక్కలో ఒళ్లో పెట్టుకుని పది రోజుల్లో అల్లేసింది. వీ మెడ, ముందు వైపు రెండు జడలు, "రెండేళ్లు వస్తుందిలే" అని ఒక సైజు పెద్దగా, చేతులు మడతపెట్టుకునేలా.

మొదటి రోజు పిల్లల్ని వరసలో నిలబెట్టారు. అందరూ ఒక రంగు, మావాడొక్కడు పెళ్లికొచ్చినట్టున్నాడు. ఫోన్లో ఒకటే అనిపించిన రంగులు ఎండలో పక్కపక్కన పెడితే మామిడికాయా మామిడిపండూ అయ్యాయి. టీచరమ్మ స్వెట్టర్ చెయ్యి పట్టుకుని చూసి "లవ్లీ, లవ్లీ" అని రెండుసార్లు అంది. నేను పొంగిపోయి ఇంటికొచ్చాను. ఇంగ్లిష్‌వాళ్ల లవ్లీకి అర్థం అప్పటికి నాకింకా తెలియదు. సాయంత్రం ఆఫీసు నుంచి మెయిల్: యూనిఫాం నియమాలు గుర్తుచేస్తున్నాం అని. "తల్లిదండ్రులందరికీ" అనే ఉంది కానీ, ఆ అందరూ ఎవరో నాకర్థమైంది.

ఇక మీ ప్రశ్న. దేశమంతటికీ ఒకే రంగు అంటూ లేదు, ఏ స్కూలుకి ఆ స్కూలు పెట్టుకుంటుంది. ఎక్కువగా కనిపించేవి నేవీ, రాయల్ బ్లూ, బాటిల్ గ్రీన్, ఎరుపు, మెరూన్, గ్రే. మనం నేవీనీ రాయల్ బ్లూనీ కలిపి నీలం అనేస్తాం, ఇక్కడ అవి రెండూ వేరే స్కూళ్లు. ప్రైమరీలో ఎక్కువగా గుండ్రటి మెడ స్వెట్‌షర్టు, లేదంటే బొత్తాల కార్డిగన్. సెకండరీలో టై కనపడాలి కాబట్టి వీ మెడ జంపర్, చాలాచోట్ల పైన బ్లేజర్. ఇక్కడ స్వెట్టర్ అంటే అర్థమవుతుంది కానీ అందరూ జంపర్ అనే అంటారు. ఎరుపు స్కూలు తగిలితే మొదటి ఉతుకు విడిగా వెయ్యండి. మా పక్కింటివాళ్ల పోలో షర్టులన్నీ ఒకే దెబ్బకి గులాబీ రంగులోకి తిరిగాయి.

మామూలు రంగయితే అజ్డా, టెస్కో లాంటి సూపర్‌మార్కెట్లలో రెండు కలిపి చవగ్గా దొరుకుతాయి. జేడ్ లాంటి వయ్యారపు రంగు పెట్టుకున్న స్కూలయితే స్కూలు చెప్పిన షాపే గతి. నన్నడిగితే ఆ రంగులు ఎంచుకునేదే అందుకు. మేం ఒక్కోదానికి 14 పౌన్లు పెట్టాం. అందులో బట్ట ఖరీదెంతో, గుండెల మీద చిన్న చెట్టుబొమ్మ ఖరీదెంతో మీరే లెక్కేసుకోండి. యూనిఫాం ఖర్చు తగ్గించాలని ఇంగ్లండ్‌లో 2021లో చట్టమే చేశారు. లోగో ఉన్న బట్టలు వీలైనంత తక్కువ పెట్టమని ప్రభుత్వం స్కూళ్లకి చెప్పింది. అందుకని లోగో తప్పనిసరా, సాదాది వేసుకోవచ్చా అని ముందే ఆఫీసుని అడగండి. అడగడానికి మొహమాటపడి నేను నాలుగు కొన్నాను.

ఆ నాలుగూ నిలిచాయా? మధ్యాహ్నం ఎండ రాగానే పిల్లలు విప్పి గ్రౌండ్‌లో పడేస్తారు. దొరికిన బట్టలన్నీ వేసే పెట్టె ఒకటి ఉంటుంది, అందులో చెయ్యి పెడితే తడి సాక్సుల వాసన, ముప్ఫై జేడ్ స్వెట్‌షర్టులు, సగం వాటికి పేర్లుండవు. పేరు లేబుల్ ఇస్త్రీతో అంటించేది కాదు, కుట్టేది తీసుకోండి. అమ్మ అల్లినది మాత్రం ఒక్కసారీ పోలేదు. చలికాలంలో ఆటల టైములో కోటు లోపల వేసుకోనిచ్చేవారు. ఎక్కడ వదిలేసినా ఎవరో ఒకరు తెచ్చి మావాడి చేతికే ఇచ్చేవాళ్లు.

వాడిప్పుడు సెకండరీకి వచ్చాడు, నేవీ వీ మెడ. రెడింగ్ దగ్గర ఎవరికైనా జేడ్ 9-10 ఏళ్ల సైజు కావాలంటే మా అటక మీద మూడున్నాయి, ఊరికే ఇస్తాను. ఒకదాని మీద వేరే అబ్బాయి పేరుంది.