వాదన ముదిరితే ముందు సారాంశం రాయి

అమ్మాయీ,

మీ ప్రోగ్రామింగ్ భాష ప్రాజెక్టును నడిపే కోర్ టీమ్‌లో నిన్ను తీసుకున్నారని అక్కయ్య చెప్పింది, చాలా సంతోషం. నీ ఉత్తరంలో మాత్రం అంతా టెన్షనే. కొత్త సింటాక్స్ (కోడ్ రాసే తీరు) మీద చర్చ తెగడం లేదు, మనుషులు విరుచుకుపడుతున్నారు, మర్యాద నియమాలు రాస్తే సరిపోతుందా అని అడిగావు. రాయండి, అవసరమే. కానీ నేను చూసినంతలో సగం గొడవలు పుట్టేది అప్పటిదాకా ఎవరేం అన్నారో ఎవరికీ గుర్తులేక.

పైథాన్ భాషలో 2018లో ఏమైంది? ఎక్స్‌ప్రెషన్ మధ్యలోనే వేరియబుల్‌కి విలువ ఇచ్చుకునే వాల్‌రస్ ఆపరేటర్, చూడ్డానికి ఎంత చిన్న విషయం! దానిమీద వందల మెయిళ్లు నడిచాయి. చివరికి దాన్ని ఆమోదించిన పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రాసమ్ విసిగిపోయి, జూలైలో ఆఖరి మాట తనదయ్యే ఆ పెద్దరికమే వద్దని తప్పుకున్నారు. ఆ తర్వాతే భాష నిర్ణయాలు చూసే ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్‌ని ఎన్నుకోవడం మొదలైంది. ఒకే సంస్థలో పనిచేసేవాళ్లు అందులో ఇద్దరికి మించకూడదు. ఏదో కంపెనీ గదిలో ముందే తేల్చేశారన్న అనుమానం రాకుండా ఉండాలంటే అలాంటి కట్టుబాటు ఉండాల్సిందే.

రస్ట్ అనే మరో భాష వాళ్ల పద్ధతి నాకు ఇంకా నచ్చుతుంది. ఒక పని పూర్తయ్యేదాకా ఆగమని చెప్పే అవెయిట్ అన్న మాట కోడ్‌లో ముందు రాయాలా, వెనక రాయాలా అని వాళ్లూ తెగ కొట్టుకున్నారు. 2019లో భాషా బృందం అప్పటిదాకా వచ్చిన వాదనలన్నీ ఒకచోట రాసి, తాము ఎటు మొగ్గుతున్నారో, ఎందుకో చెప్పి, అభ్యంతరాలు విని, అప్పుడు తేల్చింది. నచ్చనివాళ్లు మిగిలారు, నిజమే. కానీ మా మాట వినలేదు అనడానికి పెద్దగా చోటు లేకపోయింది. ప్రతిపాదనల మీద అభ్యంతరాలు చెప్పడానికి పది రోజుల ఆఖరి గడువు ప్రకటించే అలవాటూ వాళ్లకుంది.

నువ్వూ అదే చెయ్యి. ఇంకో జవాబు రాసేముందు రెండు పక్షాల వాదనా నువ్వే రాయి. ముఖ్యంగా నీకు నచ్చనివాళ్లది. వాళ్లకు చూపించి, "అవును, నేనన్నది ఇదే" అనిపించుకున్నాకే ముందుకెళ్లు. కాదనుకున్నవాటిని కూడా కారణాలతో సహా ఉంచు. వచ్చే ఏడాది మరొకరు అదే అడిగితే ఆ పేజీ చూపిస్తే చాలు.

కాల్‌లో ఏదీ తేల్చేయకండి. కాలిఫోర్నియాలో ఉదయం పదింటి మీటింగ్ హైదరాబాద్‌లో రాత్రి పదిన్నరకో పదకొండున్నరకో పడుతుంది. నిద్రపోయినవాళ్లకూ మాట చెప్పే వీలుండాలి కదా.

ఇంకొకటి, మన పిల్లలు "సర్, చిన్న డౌట్" అంటూ విడిగా మెసేజ్ పెడతారు. నలుగురిలో అడగడానికి బెరుకు. అక్కడే అడగమను, అడగగానే మొదటి జవాబు నువ్వే ఇవ్వు. ఎవరైనా సీనియర్ వెటకారమాడితే అతనితో విడిగా, ఆ రోజే మాట్లాడు.

సారాంశం రాశాక నాకూ పంపు. నువ్వు ఎటువైపో నేను కనిపెట్టగలిగితే మళ్లీ రాయాల్సిందే.

ఆశీస్సులతో,
మావయ్య