వివక్ష, వివక్షత, వేర్పాటు

సందేహం: దక్షిణాఫ్రికాలో ఒకప్పుడు సాగిన ‘అపార్థైడ్’ పాలనను కొందరు వర్ణవివక్ష అనీ, కొందరు జాతివివక్షత అనీ, మరికొందరు వేర్పాటు అనీ రాస్తున్నారు. ఏది సాధువు? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ముందుగా ఆ చివరి తకారాన్ని తీసివేద్దాం. వివక్ష తనంతట తానే భావవాచకం. దానికి మళ్లీ ‘త’ తగిలించడం ప్రాధాన్యత, నైపుణ్యత అని రాసేవారి అలవాటు. పత్రికలలో ఎన్నిసార్లు కనిపించినా నేను దానిని ఒప్పుకోలేను.

తాగాలనే కోరిక పిపాస, తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస అయినట్టే, వచ్ ధాతువు మీద సన్ ప్రత్యయం చేరి, చెప్పాలనే కోరిక వివక్ష అయింది. కారకాలు, అంటే వాక్యంలో క్రియతో పదాలకుండే సంబంధాలు, వివక్షాధీనాలని వైయాకరణులు అన్నది ఈ అర్థంలోనే. ‘కత్తితో కోశాడు’ అన్నప్పుడు కరణం, అంటే పనికి సాధనం, అయిన కత్తి, ‘ఈ కత్తి బాగా కోస్తుంది’ అన్నప్పుడు కర్త అవుతుంది; కత్తి అదే, చెప్పేవాడి ఉద్దేశం వేరు. పక్షపాతమనే అర్థం ఈ మాటకు తరువాత వచ్చి స్థిరపడింది. అయినా దక్షిణాఫ్రికా చట్టాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు పాత అర్థమే స్ఫురిస్తుంది; అక్కడ మనిషి జాతి కూడా చెప్పేవాడి ఉద్దేశాన్ని బట్టే తేలేది. చూపులకు తెల్లవాడిగా స్పష్టంగా కనిపించేవాడు, లేదా తెల్లవాడని సాధారణంగా అందరూ అంగీకరించేవాడు తెల్లవాడని 1950 నాటి జనాభా నమోదు చట్టం నిర్వచించింది. అనుమానం వచ్చినచోట అధికారులు జుట్టులో పెన్సిలు గుచ్చి, అది జారిపడుతుందా, చిక్కుకుంటుందా అని చూసేవారు. ఒకే కుటుంబంలోని వారు వేర్వేరు జాతులుగా నమోదయ్యారు. ఎవరిని పెళ్లాడకూడదో 1949 చట్టం, ఏ పేటలో కాపురం ఉండాలో 1950లోనే వచ్చిన మరో చట్టం, ఏ బల్లమీద కూర్చోవాలో 1953 చట్టం శాసించాయి. వేరుగా కల్పించే వసతులు సమానంగా ఉండనక్కరలేదని ఈ చివరిది బాహాటంగానే చెప్పింది. 1952లో పాసులను, అంటే నల్లవారి రాకపోకల అనుమతి పత్రాలను, రద్దు చేస్తున్నట్టు పేరు పెట్టుకున్న చట్టమైతే, పదహారేళ్లు నిండిన ప్రతి నల్లవాడి జేబులోనూ గుర్తింపు పుస్తకం ఉండి తీరాలన్నది. మాటకు ఇంతటి ద్రోహం క్షమించరానిది.

వర్ణమంటే మనకు చాతుర్వర్ణ్యం, జాతి అంటే కులమో దేశమో తోస్తుంది. రెండూ నిర్దుష్టాలు కావు.

అపార్థైడ్ అనేది డచ్చి నుంచి పుట్టిన దక్షిణాఫ్రికా భాష ఆఫ్రికాన్స్‌లోని మాట. అందులోని ‘హైడ్’ మన ‘తనం’ వంటిది కనుక, దాని అక్షరార్థం ‘వేరుతనం’. వేర్పాటు దీనికి దగ్గరగా కనిపిస్తుంది గాని, అది ‘వేరుపడు’ నుంచి వచ్చింది. వేరుపడేవారు తమంతట తామే పడతారు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు వెళ్లినవారిలో మన తెలుగువారూ ఉన్నారు. ఆ వలస కూలీల సంతతి వారు ఎందరో డర్బన్‌లోని కేటో మానర్‌లో ఇళ్లు కట్టుకున్నాక, పేటల చట్టం వారిని లేపి చాట్స్‌వర్త్‌కు తరలించింది. వారు వేరుపడలేదు, వారిని వేరుచేశారు. ‘ఏర్పడు’ నుంచి వచ్చిన ఏర్పాటును మనం ‘చేస్తున్నాం’ గదా అని ఎవరైనా వాదిస్తే, ఆ వాదాన్ని పూర్తిగా కొట్టివేయలేను.

వర్ణవివక్ష వాడుకలో నాటుకుపోయింది. సాధారణ ప్రసంగంలో దానిని ఉండనిద్దాం. చట్టాల సంగతి రాసేటప్పుడు మాత్రం ‘వెలివేత చట్టాలు’ అన్నది నాకు ఇష్టం. అందులో ఊరి కట్టుబాటు వాసన వస్తుందనుకునేవారు ‘జాతులను వేరుచేసే చట్టాలు’ అని రాసినా తప్పులేదు.