కీమో మొదలయ్యే ముందు

నాన్నా చిన్నూ,

నీ బోన్ మారో రిపోర్టు మీ నాన్న వాట్సాప్‌లో పంపాడు. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా, అంటే ఒక రకం రక్త క్యాన్సర్. ఎముకల మూలుగలో ఎదగని తెల్లకణాలు కిక్కిరిసిపోయి మంచి రక్తానికి చోటు లేకుండా చేశాయి. నీ ఆయాసం, చిగుళ్ల రక్తం అందుకే. హాస్టల్ తిండి వల్లో, రాత్రిళ్లు మేలుకోవడం వల్లో వచ్చింది కాదు. 27 ఏళ్లు ఈ వార్డుల్లో నర్సుగా చేసిన అత్త మాట నమ్ము.

నీకు 19. పిల్లల వార్డుకు పెద్దవాడివి, పెద్దల వార్డుకు చిన్నవాడివి. అందుకే డాక్టరుగారిని నువ్వే అడగాలి: "నాకు పిల్లల ప్రోటోకాల్ ఇవ్వొచ్చా?" అమెరికాలో 16 నుంచి 20 ఏళ్ల వాళ్ల లెక్కలు 2008లో వచ్చాయి. పిల్లల పద్ధతిలో వైద్యం అందినవాళ్లలో ఏడేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నది 100కి 63 మంది, పెద్దల పద్ధతిలో 34. వయసూ జబ్బూ ఒకటే. పిల్లల పద్ధతిలో ఆస్పరాజినేస్, విన్‌క్రిస్టిన్, స్టెరాయిడ్ మందులు ఎక్కువ ఇవ్వడం తేడా. నీ లివర్ తట్టుకుంటుందో లేదో వాళ్లు చూస్తారు.

ఇంకోటి, నాన్న ముందు అడగడానికి నీకు సిగ్గనిపించేది. కీమో, ముఖ్యంగా సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు, పిల్లలు పుట్టే అవకాశాన్ని దెబ్బతీయవచ్చు. మొదటి డోసుకు ముందే వీర్యం ఇచ్చి బ్యాంకులో దాచుకోవాలి. నీ వయసు అబ్బాయికి ఒకడికి ఎవరూ చెప్పలేదు. ఆరేళ్ల తర్వాత సంబంధం కుదిరినప్పుడు నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. ఆ వార్డులో నేనూ ఉన్నాను, నేనూ చెప్పలేదు.

కీమో మధ్యలో జ్వరం 100.4 తాకిందంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లు. డోలో వేసుకుని తెల్లారేదాకా చూడొద్దు.

నాకు ఎక్కువ టెన్షన్ తర్వాతి రోజుల గురించి. జుట్టు వచ్చేసి కాలేజీకి వెళ్తుంటావు. అప్పుడూ రోజూ మెర్కాప్టోప్యూరిన్ బిళ్ల, దాదాపు రెండేళ్లు. బాగానే ఉన్నాం కదా అని మీ వయసువాళ్లే మానేస్తారు, జబ్బు అక్కడే తిరగబెడుతుంది. అలారం పెట్టుకో, రూమ్మేట్‌కీ చెప్పు. మనవాళ్లలో కొందరికి జన్యువుల వల్ల ఆ మందు ఎక్కువ పనిచేసి రక్తకణాలు బాగా తగ్గిపోతాయి. మోతాదు డాక్టరు తగ్గిస్తారు, నీ అంతట నువ్వు ఆపకు.

బస్సులో కూర్చునే రాస్తున్నాను, తెల్లారేసరికి అక్కడుంటాను. బ్యాంకు సంగతి నువ్వు అడిగేటప్పుడు నాన్నను టీకి తీసుకెళ్తాలే.

మీ అత్త