స్కూలు మానిపిస్తే ఫీజు నిజంగా మిగులుతుందా?

ప్రశ్న: మేం విశాఖపట్నం మధురవాడలో ఉంటాం. నాది రుషికొండలో ఐటీ ఉద్యోగం, చేతికి 92,000 వస్తుంది. నా భార్య ఒక ప్రైవేటు హాస్పిటల్లో అకౌంట్స్ చూస్తుంది, ఆమెకి 41,000. పాపకి వచ్చే మార్చికి పదేళ్లు నిండుతాయి, బాబుకి ఆరేళ్లు. ఇద్దరికీ ఫీజులు, బస్సు, పుస్తకాలు కలిపి ఏడాదికి 2,70,000 అవుతోంది. పాప పొద్దున్నే స్కూలంటే ఏడుస్తుంది, అదే ఆదివారం జోడుగుళ్లపాలెం తీసుకెళ్తే జాలర్లు వల లాగుతుంటే గంటసేపు కదలకుండా చూస్తుంది, ఇంటికొచ్చి నెత్తళ్ల రేటు నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. అందుకే వచ్చే జూన్ నుంచి ఇద్దర్నీ స్కూలు మానిపించి అన్‌స్కూలింగ్ (సిలబస్, టైంటేబుల్ లేకుండా పిల్లల ఇష్టప్రకారం ఇంట్లో నడిచే చదువు) చేద్దామనుకుంటున్నాం. నా భార్య ఉద్యోగం మానేస్తుంది. మిగిలే ఫీజు నెలకు 22,500 ఎస్ఐపీలో (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో) వేస్తే పదేళ్లకు 52 లక్షలవుతుంది, అది పిల్లలకే ఉంటుంది. నా ప్లాన్ సరైనదేనా? చట్టం దీనికి ఒప్పుకుంటుందా? ఇంటి ఖర్చులు, లోను, ఎఫ్‌డీ, నా భార్య సర్వీసు వివరాలన్నీ విడిగా రాసి పంపుతున్నాను.

జవాబు: లెక్క తప్పు కాదండి. ఏడాదికి 12 శాతం వస్తుందనుకుంటే నెలకు 22,500 పదేళ్లలో 52 లక్షల దాకా అవుతుంది. కాని ఆ 22,500 మీ చేతిలో మిగలదు. "నా భార్య ఉద్యోగం మానేస్తుంది" అని ఒక్క ముక్కలో రాసేసి ముందుకెళ్లిపోయారు, మీ ప్లాన్ మొత్తంలో అన్నిటికంటే పెద్ద ఖర్చు అదే.

మీరు పంపిన ఖర్చుల ప్రకారమే చూద్దాం. ఇప్పుడు ఇద్దరి జీతాలు కలిపి 1,33,000. ఇంటి లోను ఈఎంఐ 30,600, ఇంటి ఖర్చు 34,000, ఊళ్లో అమ్మానాన్నలకి 6,000, ఇన్సూరెన్స్ 3,400, స్కూలు 22,500, ఆమె ఆఫీసుకి వెళ్లొచ్చే ఆటో, టిఫిను 3,500. మొత్తం లక్ష. 33,000 మిగులుతోంది, అందులో 20,000 ఎస్ఐపీకి వెళ్తోంది, మిగతా 13,000 ఎటు పోతోందో మీరు రాయలేదు. జూన్ తర్వాత వచ్చేది 92,000 మాత్రమే. స్కూలు ఖర్చూ ఆటో ఖర్చూ పోతాయి, నిజమే, కాని పిల్లలు ఇంట్లో ఉన్నంత మాత్రాన చదువు ఉచితం అయిపోదు, పుస్తకాలు, తిరగడాలు, సామాన్లు, ఒకటో రెండో క్లాసులు కలిపి నెలకు 8,000 అనుకుందాం. అప్పుడు ఖర్చు 82,000, చేతిలో మిగిలేది 10,000. అంటే నెలకు 22,500 కొత్తగా మిగలడం అటుంచి, ఇప్పుడు మిగులుతున్న దాంట్లోంచే 23,000 తగ్గిపోతోంది. ఇప్పుడు నడుస్తున్న 20,000 ఎస్ఐపీ కూడా ఆగిపోతుంది.

అందుకని స్కూలు మానిపించొద్దని నేను అనడం లేదు. ఏడ్చుకుంటూ వెళ్లే పిల్లని రోజూ బస్సెక్కించడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేను చెప్పేది ఒకటే, ఈ చదువుకి ఫీజు ఉంది, ఆ ఫీజు కడుతున్నది మీ ఆవిడ. తన జీతంతో, తన పీఎఫ్‌తో, మళ్లీ ఉద్యోగంలో చేరాలంటే దొరుకుతుందో లేదో తెలియని రేపటితో కడుతున్నారు. ప్లాన్ మొత్తం అక్కడ్నుంచి మొదలవ్వాలి.

నా సంగతి చెప్తాను. నా కొడుకు చిన్నప్పుడు నేనూ నాలుగేళ్లు ఉద్యోగం మానేశాను. మానేసిన వెంటనే పీఎఫ్ మొత్తం తీసేసి కారు డౌన్ పేమెంటుకి కట్టాం. ఆ కారు ఎప్పుడో అమ్మేశాం. నా పేరు మీద మాత్రం ఆ నాలుగేళ్లలో ఒక్క రూపాయి చేరలేదు, మా ఇంట్లో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు, ఎవరికీ తట్టలేదు అంతే. మీ ఉత్తరంలో ఎస్ఐపీ పిల్లల పేరు మీద అని ఉంది, లోను మీ పేరు మీద ఉంది, ఆమె పేరు మీద ఏముందో ఎక్కడా లేదు. అది చదివి నాకు చాలా బాధేసింది.

ఆమె సర్వీసు 9 ఏళ్ల 8 నెలలు అని రాశారు కదా, దయచేసి ఇప్పుడే రిజైన్ చేయనివ్వకండి! ఈపీఎఫ్‌తో పాటు నడిచే పెన్షన్ స్కీములో పదేళ్ల సర్వీసు ఉంటేనే 58వ ఏట నెలనెలా పెన్షన్ వస్తుంది. ఆరు నెలలు దాటిన సర్వీసుని ఏడాదిగా లెక్కపెడతారు కాబట్టి ఆమెకి అర్హత ఇప్పటికే వచ్చి ఉండొచ్చు, కాని ఇంకో నాలుగు నెలలు చేస్తే ఏ పేచీ ఉండదు. ఎలాగూ ఈ విద్యాసంవత్సరం ఏప్రిల్ దాకా ఉంది, స్కూళ్లు మళ్లీ తెరిచేది జూన్ 12న, డిసెంబరు నుంచి మే దాకా ఈ ఆరు నెలలూ ఆమె ఉద్యోగం చేస్తే పెన్షన్ అర్హతకి ఢోకా ఉండదు, గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు సర్వీసుని బట్టి కంపెనీ ఇచ్చే డబ్బు) పదేళ్లకి లెక్కవుతుంది. బేసిక్ (మూల వేతనం) 20,000 అంటున్నారు కాబట్టి పదిహేను రోజుల జీతం చొప్పున, నెలకి 26 రోజుల లెక్కన, పదేళ్లకి 1,15,000 పైచిలుకు. ఆ డబ్బు ఆమె పేరు మీదే ఎఫ్‌డీ వేసి దాని జోలికి వెళ్లకండి. పాప ఏడాది ఫీజు కూడా సరిగ్గా 1,15,000 అన్నారు. రెండేళ్ల తర్వాత పాపే వచ్చి "నాన్నా, నేను స్కూలుకెళ్తా" అంటే, పిల్లల ఇష్టప్రకారం నడిచే చదువులో ఆ మాట కూడా వస్తుంది, ఆ రోజు డబ్బు లేదని మీరు వెనకాడకూడదు కదా. పీఎఫ్ తీయొద్దు. ఉద్యోగం మానేసినా 58 ఏళ్ల దాకా దానికి వడ్డీ పడుతుంది, ఉంచేయండి.

ఈ ఆరు నెలలూ ఎస్ఐపీ ఆపి, మిగిలే 33,000 మొత్తం విడిగా పెట్టండి. అది 1,98,000 అవుతుంది, ఉన్న ఎఫ్‌డీ 4 లక్షలతో కలిపితే దాదాపు 6 లక్షలు, నెలకు 82,000 చొప్పున ఏడు నెలల ఖర్చు. ఐటీ ఉద్యోగం, ఒకే జీతం, ఈఎంఐ మీద ఇల్లు, ఇద్దరు పిల్లలు... దీనికంటే తక్కువ పెట్టుకుని జూన్‌లో అడుగేస్తే నాకే టెన్షన్‌గా ఉంటుంది. ఎటు పోతోందో తెలియని ఆ 13,000 కూడా ఈ ఆరు నెలల్లో తేలిపోతుంది. ఇప్పటిదాకా మ్యూచువల్ ఫండ్‌లో పోగైన డబ్బుని మాత్రం కదపకండి, అది కాలేజీకి.

ఇన్సూరెన్స్ దగ్గర కాస్త ఆగుదాం, ఇక్కడే చాలామంది ఆలస్యం చేస్తారు. ఇప్పటిదాకా మీకేమైనా అయితే ఆమె జీతం ఉంది. జూన్ తర్వాత ఉండదు. లోను 30 లక్షలు, ఆ పైన ఈఎంఐ కాక మిగతా ఖర్చులన్నీ ఏడాదికి 6 లక్షల చొప్పున ఇరవై ఏళ్లకి కోటీ ఇరవై, కాబట్టి మీకు కోటిన్నర టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బు ఇచ్చే బీమా) ఉండాలి. ఆఫీసు వాళ్లు ఇచ్చింది ఇందులో లెక్కపెట్టొద్దు, ఉద్యోగంతో పాటే అది పోతుంది. ఆమెకీ ఒక టర్మ్ పాలసీ తీసుకోండి, ఆమె చేతిలో జీతం స్లిప్పు ఉండగానే తీసుకోండి, ఎందుకంటే సొంత ఆదాయం లేని వాళ్లకి టర్మ్ పాలసీ ఇవ్వడానికి కంపెనీలు వెనకాడతాయి, ఇచ్చినా తక్కువ మొత్తానికే ఇస్తాయి. హెల్త్ ఇన్సూరెన్సూ అంతే, నలుగురికీ కలిపి 10 లక్షల సొంత పాలసీ ఒకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత టర్మ్, హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు, ఆ మేరకు భారం తగ్గింది. వీటన్నిటికీ ఇప్పుడు కట్టే 3,400 మీద ఇంకో 2,500 పోతుందనుకుంటే ఆ 10,000లో మీకు 7,500 మిగులుతుంది.

ఆ 7,500లో 5,000 ఆమె పేరు మీద పీపీఎఫ్‌లో (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్, ఎవరైనా తెరుచుకోగల ప్రభుత్వ పొదుపు ఖాతా) వేయండి. ఇప్పటి 7.1 శాతం వడ్డీయే కొనసాగితే పదిహేనేళ్లకి దాదాపు 16 లక్షలవుతుంది. భర్త ఇచ్చిన డబ్బు మీద భార్యకి వచ్చే వడ్డీని మామూలుగా భర్త ఆదాయంలోనే కలుపుతారు, పీపీఎఫ్ వడ్డీకి పన్నే లేదు కాబట్టి ఆ పేచీ ఉండదు. ఇది ఆమెకి మీరు చేసే సాయం అని అనుకోవద్దు, స్కూలు ఫీజు ఎలా ఆలస్యం లేకుండా కట్టేవాళ్లో ఇదీ అలాగే ఒకటో తారీఖున వెళ్లాలి.

ఇక ఆ 8,000 సంగతి. అన్‌స్కూలింగ్ అన్న మాటని 1970లలో అమెరికాలో వాడుకలోకి తెచ్చిన జాన్ హోల్ట్ స్వయంగా స్కూలు టీచరు, పిల్లలు భయం లేనప్పుడు ఎలా నేర్చుకుంటారో తరగతి గదిలో కూర్చుని చూసి చూసి ఆ దారికి వచ్చిన మనిషి. ఇంట్లో టైంటేబుల్ పెట్టి, సిలబస్ కొని చెప్పే హోమ్‌స్కూలింగ్ వేరు, ఇది వేరు. తేడా మీ జేబుకి కూడా తెలుస్తుంది. ఎంవీపీ కాలనీలో నాకు తెలిసిన ఒక కుటుంబం స్కూలు మానిపించిన మూడో నెలకే భయపడిపోయి అబాకస్, రోబోటిక్స్, కోడింగ్, ఫోనిక్స్ అన్నీ చేర్పించారు, నెలకు 19,000, పిల్లాడు నాలుగు క్లాసుల మధ్య ఆటోలోనే అన్నం తిన్నాడు. మీ పాప నోట్‌బుక్ ఖరీదు ఎంత? ముప్ఫై రూపాయలు ఉంటుందేమో. నెత్తళ్లు ఈ ఆదివారం ఇంత, పోయిన ఆదివారం అంత, ఎందుకు తగ్గింది అని ఆ పిల్ల అడిగిందంటే దాంట్లో లెక్కలున్నాయి, వేటకి వెళ్లని రోజులున్నాయి, గాలీ వానా ఉన్నాయి. అలాంటి ప్రశ్న వెనకాల నడవడానికి డబ్బు పెట్టండి. ఫిషింగ్ హార్బర్‌కి పొద్దున్నే వెళ్లడానికి, బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ లోపలికి ఒక్కసారి కాదు నాలుగుసార్లు వెళ్లడానికి, భీమిలి బస్సెక్కి ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగడానికి, బొర్రా గుహలకి రైల్లో వెళ్లి సొరంగాలు లెక్కపెట్టడానికి, ద్వారకానగర్ లైబ్రరీలో పుస్తకాలకి. నెలకు 8,000 కూడా అవ్వదు కొన్ని నెలలు, అవ్వనప్పుడు మిగిలింది పక్కన పెట్టండి, ఒక నెల మైక్రోస్కోపు అడుగుతుంది.

బాబు గురించి ఒక్క మాట రాయలేదేం? స్కూలంటే ఏడ్చేది పాప. వాడికి స్కూల్లో ఫ్రెండ్స్ ఉండి, వాడు సంతోషంగా వెళ్తుంటే అక్కతో పాటు వాణ్నీ మానిపించడం వాడి ఇష్టం ఎలా అవుతుంది, ముందు వాణ్ని అడగండి. వాడు వెళ్తానంటే ఏడాదికి 1,25,000, అంటే నెలకు 10,400. అప్పుడు ఆ 8,000లో సగం తగ్గినా పీపీఎఫ్‌కీ మిగతావాటికీ చాలదు. అందుకే ఆమె పూర్తిగా మానేయకుండా ఇంటి నుంచి రెండు మూడు షాపుల అకౌంట్స్, జీఎస్టీ రిటర్నులు చూసే పని దొరుకుతుందేమో చూడమంటాను. నెలకు 12,000 వచ్చినా మీ ఇంటి లెక్క మొత్తం మారిపోతుంది, ఆమె చేతిలో పనీ పోదు. ఆ గంటలు మాత్రం పిల్లల్ని మీరు చూసుకోవాలి, శని ఆదివారాల్లో ఆ బాధ్యత ఆమెది కాదు, మీది.

చట్టం గురించి అడిగారు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని స్కూల్లో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది, కాని చేర్చకపోతే శిక్ష అని అందులో ఎక్కడా లేదు. అదే చట్టం ప్రకారం, మధ్యలో స్కూలుకి దూరమైన పిల్లల్ని వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. మానిపించేటప్పుడు టీసీ తీసుకుని భద్రంగా పెట్టండి. 14 ఏళ్లు నిండాక ఏపీ ఓపెన్ స్కూల్లో గాని, కేంద్రం నడిపే ఎన్ఐఓఎస్‌లో గాని పది రాయొచ్చు, ఫీజు మీరిప్పుడు కట్టేదాంతో పోలిస్తే చాలా తక్కువ. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లయితే ట్యూషన్ ఫీజు మీద వచ్చే పన్ను మినహాయింపు పోతుంది, ఇంట్లో చదువుకి చేసే ఖర్చుకి అది రాదు.

చివరిగా అన్నిటికంటే తొందరగా చేయాల్సిన పని. పాప పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతా (ఆడపిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన పొదుపు ఖాతా) లేదని రాశారు, పదేళ్లు నిండితే ఇక తెరవనివ్వరు, మీకు మార్చి దాకానే టైముంది. ఇప్పుడు వడ్డీ 8.2 శాతం, ఏడాదికి కనీసం 250 కడితే చాలు, ఆ 7,500లో పీపీఎఫ్ పోను మిగిలిన 2,500 నెలనెలా ఇందులో వేయండి. పది పాసయ్యాక గాని, 18 నిండాక గాని పైచదువుకి సగం దాకా తీసుకోవచ్చు, ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్ అప్పుడు అక్కరకొస్తుంది. ఈ వారమే బర్త్ సర్టిఫికెట్, ఆధార్ పట్టుకుని పోస్టాఫీసుకి వెళ్లండి, పాపని కూడా తీసుకెళ్లండి. నెత్తళ్ల రేటు రాసుకునే పిల్ల, 8.2 శాతం అంటే ఏంటని కౌంటర్ దగ్గరే అడుగుతుంది.